కారుతున్న స్విమ్మింగ్ పూల్‌ను ఖాళీ చేయొచ్చా?

హన్మకొండ శివారులో ఫామ్‌హౌస్ ఉన్న ఒక పాఠకుడు అడిగారు: "పూల్ లీకవుతోంది. నీళ్లన్నీ తోడేసి లోపల చూద్దామని మేస్త్రీ అంటున్నాడు, తోడించమంటారా?" వానాకాలంలో అయితే తొందరపడొద్దు. కారే నీటి కంటే నేల కింది నీటితోనే ప్రమాదం ఎక్కువ.

గంగాళంలో నీళ్లు పోసి ఖాళీ గిన్నె పెడితే తేలుతుంది. గిన్నెను నీళ్లతో నింపితే అడుగుకు దిగుతుంది. భూమిలో దించిన పూల్ కూడా గిన్నే. చుట్టూ మట్టి ఉండగా ఎలా తేలుతుందని అనిపిస్తుంది. కానీ మట్టి రేణువుల సందుల్లో నీళ్లు నిండితే చాలు, అవి పూల్‌ను అడుగు నుంచి పైకి నెడతాయి. సందు ఎంత సన్ననిదైనా, ఒత్తిడి నీటి లోతును బట్టే ఉంటుంది.

లెక్క వేద్దాం. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు, 20 సెంటీమీటర్ల మందం కాంక్రీటు. లోపలి నీళ్లు 75 టన్నులు, కాంక్రీటు దాదాపు 49 టన్నులు. బయటి కొలతతో అడుగు వైశాల్యం 56 చదరపు మీటర్లు. అంటే నేల నీరు అడుగు నుంచి ఒక మీటరు లేస్తే పూల్‌ను పైకి నెట్టే తోపు 56 టన్నులు. ఖాళీ పూల్ తేలడానికి 90 సెంటీమీటర్లు చాలు! గోడల పక్క రాపిడి కొంత ఆపుతుంది, నిజమే. కానీ మొత్తం పూల్ లేవకముందే అడుగు స్లాబు ఉబ్బి పగలొచ్చు. చదరపు మీటరు స్లాబు బరువు 480 కిలోలు, అర మీటరు నీటి తోపు 500 కిలోలు.

ఇక మన నేల సంగతి. వరంగల్ చుట్టుపక్కల చాలాచోట్ల కాస్త తవ్వితే గ్రానైట్. బండను పగలగొట్టి తీసిన గుంతలో నీళ్లు ఇంకే దారి తక్కువ. గుంతకూ పూల్ గోడకూ మధ్య నింపిన మొరంలో వాన నీళ్లూ, పూల్ నుంచి కారిన నీళ్లూ చేరి నిలుస్తాయి. అంటే బండే గంగాళం, కారే పూలే దాన్ని నింపుతోంది! పక్క బోరులో నీళ్లు ఎంతో లోతున ఉన్నాయని ధీమాగా ఉండొద్దు. బోరు చూపేది లోతు పగుళ్లలోని నీటిని, ఈ గుంతలో నిలిచినదాన్ని కాదు.

వానల్లో ఖాళీ సంపు లేచినా, సెప్టిక్ ట్యాంకు ఒరిగినా కారణం చాలావరకు ఇదే. వాస్తు దోషమని, దిష్టి తగిలిందని శాంతులు చేయిస్తారు. ఏ మూల తవ్వినా నీటి తోపు ఒకటే. బడిలో ఆర్కిమెడిస్‌ను కిరీటం కథతో ఆపకుండా, ఈ సంపు ఎందుకు లేచిందో పిల్లల్ని అడిగితే ఎంత బాగుంటుంది!

అసలు తోడాల్సిన అవసరం ఉందా? పూల్ మెట్టు మీద నీళ్ల బకెట్ పెట్టి, లోపలా బయటా మట్టం గుర్తుపెట్టి, ఒక రోజు తర్వాత చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. ఎండాకాలంలో రోజుకు సెంటీమీటరు దాకా పోవచ్చు. పూల్‌లోనే ఎక్కువ తగ్గితే లీకు. పూల్ నీళ్లను తిప్పే మోటారు నడిచేటప్పుడే ఎక్కువ పోతుంటే పైపుల్ని అనుమానించాలి. మట్టం పూల్ గోడలోని లైటు దగ్గరో, పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ దగ్గరో ఆగిపోతే చిల్లు ఆ ఎత్తులోనే ఉండొచ్చు. చిన్న పగుళ్లను నీళ్లలోనే గట్టిపడే ఎపాక్సీ జిగురుతో పూడ్చవచ్చు.

తోడక తప్పకపోతే ఏప్రిల్, మే మేలు. అప్పుడు కూడా పొలాలకు కాలువ నీళ్లు పారే చోట జాగ్రత్త. పూల్ పక్కన మొరంలో, అడుగు స్లాబు కంటే లోతుగా, చిల్లుల పీవీసీ పైపు దించి చూడండి. అది పొడిగా ఉంటేనే మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా తోడండి. మధ్యలో పైపులోకి నీళ్లొస్తే పూల్‌ను తోడడం ఆపి, ముందు ఆ మొరంలోని నీళ్లను తోడించండి.