గ్లాసు మీది తెల్లపొర మురికి కాదు, రాయి

పిల్లలూ,

గాజు గ్లాసులు ఎంత తోమినా మసగ్గానే ఉంటున్నాయని అడిగారు కదా. తడిగా ఉన్నంతసేపూ తళతళలాడతాయి, ఆరాక చూస్తే మళ్లీ అదే తెల్లపొర. సబ్బు మార్చి చూశారు, పీచు మార్చి చూశారు, లాభం లేకపోయింది. ఎందుకంటే అది మురికి కాదు, రాయి. సబ్బు జిడ్డును వదిలిస్తుంది గానీ రాయిని ఏమీ చెయ్యలేదు.

గ్లాసు మీదికి రాయి ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి. వాన నీరు నేలలోకి ఇంకుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. పాత పాఠ్యపుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఆ ‘పులుసు’ అన్న మాటలోనే విషయమంతా ఉంది: నీరు కాస్త పులుపెక్కుతుంది. పులుపెక్కిన నీరు రాళ్ల సందుల్లోంచి దిగుతూ కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. బోరు వేసి మనం తోడుకునేది ఆ నీటినే. బోరు నీళ్లతో సబ్బు సరిగా నురగ కట్టకపోవడానికీ, కందిపప్పు తొందరగా ఉడకకపోవడానికీ అదే కారణం. హైదరాబాదులో మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో వచ్చే ఇంట్లో గ్లాసులు తేటగా ఉంటాయి. అదే వీధిలో బోరు మీదే నడిచే ఇంట్లో మసకబారతాయి.

ఇలాంటి నీళ్లను కఠిన జలం అంటారని బళ్లో చదివే ఉంటారు. మన దేశపు ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీరు దొరకని చోట మాత్రం 600 వరకు ఒప్పుకుంటారు. 600 ఉన్న నీళ్లు ఒక లీటరు గిన్నెలో పోసి పూర్తిగా ఇగరనిస్తే అడుగున అర గ్రాముకు పైగానే తెల్లటి పొడి మిగులుతుంది. మీ గ్లాసుల మీద రోజూ ఆరుతున్నది ఆ నీరే. పళ్లకు పట్టేదాన్ని గార అంటాం, పాత ఇళ్ల గోడలకు పూసే సున్నాన్నీ గార అంటాం. పళ్ల మీదా, గోడ మీదా, గ్లాసు మీదా ఉన్నది కాల్షియమే.

ఒక్క చుక్కను దగ్గరగా చూడండి. నల్లటి పళ్లెం మీద బోరు నీటి చుక్క వేసి కదపకుండా ఆరనివ్వండి. నడుమ దాదాపు ఖాళీగా ఉంటుంది, చుట్టూ సన్నటి తెల్లని ఉంగరం మిగులుతుంది. చుక్క అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అంచుకు పారి, తనతో తెచ్చినదంతా అక్కడే వదిలేస్తుంది. ఒలికిన కాఫీ మరక అంచు ముదురుగా ఉండేదీ ఇందుకే. దీన్ని 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లెక్కలతో సహా వివరించారు. గ్లాసు కడిగి బోర్లించినప్పుడు నీరంతా జారి మూతి దగ్గర చేరుతుంది కాబట్టి తెల్లటి చార అక్కడే మందంగా కడుతుంది.

ఇక వదిలించే పని. ముందు చిన్న పరీక్ష చెయ్యండి. నిమ్మచెక్కతో రూపాయి బిళ్లంత చోటు రుద్ది అయిదు నిమిషాలు వదిలేయండి. తర్వాత కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి. తుడవకుండా చూస్తే మోసపోతారు, తడి గ్లాసు ఎప్పుడూ తేటగానే కనిపిస్తుంది. ఆ బిళ్లంత మేర గాజు తేటపడితే అది సున్నపు పొర, పూర్తిగా వదిలిపోతుంది. ఏ మార్పూ లేకపోతే గాజే దెబ్బతిని ఉండొచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను.

తేటపడిందంటే గ్లాసులను మొదట సబ్బుతో బాగా కడగండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. సున్నపు పొర మీద జిడ్డు ఉంటే పులుపు కింది దాకా చేరదు, ఎంత నానబెట్టినా మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. తర్వాత ప్లాస్టిక్ టబ్బులో గానీ స్టీలు గిన్నెలో గానీ లీటరు గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు, అంటే సుమారు 10 గ్రాములు, కరిగించండి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అంటే ఇస్తారు, అదే సిట్రిక్ ఆమ్లం. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. గ్లాసులను అడ్డంగా పడుకోబెట్టి, లోపల గాలి బుడగ మిగలకుండా పూర్తిగా ముంచండి. గాలి ఉన్న చోటికి నీరు చేరదు, అక్కడ మరక అలాగే ఉంటుంది. పొర మందంగా ఉంటే గాజు మీద సన్నటి బుడగలు లేస్తాయి. అది సున్నంలోంచి కార్బన్ డయాక్సైడు విడిపోవడం. నేలలో రాయిని నీటిలోకి దింపిన వాయువే ఇప్పుడు బయటికి పోతోంది.

అరగంట చాలు. తర్వాత మెత్తటి పీచుతో ఒకసారి రుద్ది, అడుగు మూలల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగేయండి. ఇంకా కొంచెం మిగిలితే మళ్లీ సబ్బు పెట్టి, మళ్లీ ముంచండి. నిమ్మ ఉప్పు పాళ్లు పెంచనక్కర్లేదు. లెక్క ప్రకారం 10 గ్రాములు ఏడు గ్రాములకు పైగా సున్నాన్ని కరిగించగలవు, అరడజను గ్లాసుల మీద కలిపినా అంత ఉండదు. నీళ్లను మరిగించనూ వద్దు. బాగా వేడెక్కితే సున్నమూ నిమ్మ ఉప్పూ కలిసి పుట్టే కాల్షియం సిట్రేట్ తెల్లగా విడిపడి మళ్లీ గాజు మీదే కూర్చోవచ్చు.

నిమ్మ ఉప్పు లేకపోతే వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి వాడండి. నిమ్మరసమూ పనిచేస్తుంది, ఒకటి రెండు గ్లాసులకైతే ఒక కాయ సరిపోతుంది. చింతపండు ఇత్తడికి మంచిది గానీ గాజుకు నేను చెప్పను, దాని రంగును మళ్లీ కడుక్కోవాలి. బంగారు గీతలున్న గ్లాసులను, పైన బొమ్మలు అచ్చువేసిన గ్లాసులను దేనిలోనూ నానబెట్టకండి. లోపల మాత్రమే పోసి, పది నిమిషాల్లో తీసేయండి.

టీ గ్లాసుల గోధుమరంగు చార వేరే సంగతి. టీకి వగరునిచ్చే టానిన్లు నీటిలోని కాల్షియంతో కలిసి పొరగా కడతాయి, ముందే సున్నం పట్టిన గరుకు గాజు మీదైతే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. దీనికి వంట సోడా. చెంచాడు సోడాలో అర చెంచా నీళ్లు కలిపితే ముద్దవుతుంది. తడి నూలుగుడ్డకు అద్ది చార వెంబడి గుండ్రంగా రుద్దండి. రంగు పోయాక కడిగేసి, అప్పుడు నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచండి.

సోడా, పులుపు రెండూ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది. పొంగింది కాబట్టి బాగా పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు, అలా చెయ్యమని వీడియోల్లో చూపిస్తారు కూడా. అది పొరపాటు. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. కలిసిన క్షణంలో ఒకదాని బలాన్ని ఇంకొకటి తీసేస్తుంది. ఆ పొంగు గాలిలో కలిసిపోయే వాయువే. గిన్నెలో చివరికి మిగిలేది సోడియం అసిటేట్ అనే ఒక ఉప్పు కలిసిన నీళ్లు. దానితో సున్నమూ పోదు, టీ చారా పోదు. ఒకటి వాడి, కడిగి, తర్వాతే రెండోది.

ఇంకోటి గట్టిగా చెబుతున్నాను. బట్టల బ్లీచును ఏ పులుపుతోనూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను నోటికి తగిలే గ్లాసు దగ్గరికి తేవద్దు.

రుద్దే వస్తువు ఎంపికలో ఒక కొలత గుర్తుంచుకోండి. ఖనిజాల గట్టిదనానికి 1812లో ఫ్రీడ్రిష్ మోస్ 1 నుంచి 10 దాకా ఒక వరుస పెట్టాడు. అందులో వజ్రం 10. వంట సోడా సుమారు 2.5, సున్నపు పొరలోని కాల్సైట్ అనే ఖనిజం 3, మామూలు గాజు 5.5 దగ్గర, ఇసుక 7. సోడా గాజును గీయలేదు, ఇసుక గీస్తుంది. బూడిదతో ఇత్తడి బిందెలు మెరిసినా గాజుకు పనికిరాదన్నది ఇందుకే: ఊక బూడిదలో ఎక్కువ భాగం ఇసుకలో ఉండే సిలికాయే, కట్టెల బూడిదలో ఇసుక రేణువులు కలిసి ఉంటాయి. స్టీలు పీచూ వద్దు. కొబ్బరి పీచు, ఎండిన బీరపీచు, నూలుగుడ్డ, ఈ మూడూ భేషుగ్గా సరిపోతాయి. సన్నటి గీతల్లో టీ, సున్నం ఇరుక్కుంటే ఆ గ్లాసు ఇక ఎప్పటికీ త్వరగా మరక పడుతుంది.

పరీక్షలో మారని మసక గురించి చెబుతానన్నాను. డిష్‌వాషర్‌లో కాఠిన్యం లేని మెత్తటి నీరు, ఎక్కువ వేడి, ఘాటైన పొడి కలిసి ఏళ్ల తరబడి తగిలితే గాజు పైపొర కొద్దికొద్దిగా కరిగి గరుకవుతుంది. వెలుతురులో వంచి చూస్తే ఒక్కోసారి నీటి మీద నూనె తేలినట్టు ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. అది గాజు పైన పట్టినది కాదు, గాజులోంచి పోయినది. ఏ పులుపూ దాన్ని తిరిగి తేలేదు. ఆ గ్లాసులను నీళ్లకు వాడుకోండి, బాగుచేసే ప్రయత్నం మానేయండి.

పాలు, మజ్జిగ తాగిన గ్లాసులను ముందు చన్నీళ్లతో తొలవండి. వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి గాజుకు అంటుకుంటాయి. కొత్త గ్లాసుల మీది స్టిక్కరు జిగురుకు కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగితే ఉండలుగా ఊడి వస్తుంది, తర్వాత సబ్బు. ఫ్రిజ్‌లోంచి తీసిన మామూలు గాజులో వేడినీళ్లు పోయకండి, లోపలి గోడ ఒక్కసారిగా వ్యాకోచించి పగులుతుంది.

మళ్లీ పొర కట్టకుండా ఉండాలంటే చివరి కడుగు మీద శ్రద్ధ పెట్టండి. ఆర్.ఓ. యంత్రం వదిలేసే నీళ్లను బకెట్లో పట్టి అంట్లకు వాడటం మంచి అలవాటే, నీరు వృథా కాదు. కానీ ఆ నీళ్లలో మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువ లవణాలుంటాయి. గిన్నెలు తోమడానికి వాడండి, గాజు గ్లాసులకు చివరి కడుగుగా మాత్రం వద్దు. దానికి ఫిల్టరు నుంచి వచ్చిన ఒక గ్లాసు మంచినీళ్లు చాలు: మొదటి గ్లాసులో పోసి చుట్టూ తిప్పి, రెండోదాంట్లోకి, అక్కణ్ణుంచి మూడోదాంట్లోకి వంచండి. వెంటనే, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డతో, పాత పంచె ముక్కయితే మరీ మంచిది, ముందు లోపల, తర్వాత మూతి, చివర అడుగు తుడవండి. గుడ్డ తడిసిపోతే మార్చండి, తడిగుడ్డ నీటిని పీల్చదు, పులుముతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ