పిల్లలకు ఉత్తరం: మిడ్‌సమర్ హత్యలు ఎందుకు చూస్తామంటే

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు అమ్మమ్మ ఆశీస్సులు.

"ఎపిసోడ్‌కి ముగ్గురు నలుగురు చచ్చిపోతారు కదా, అలాంటి సీరియల్‌ని జనం ఇన్నేళ్లుగా ఎలా చూస్తున్నారు అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగారు. మీ అమ్మ పక్కనుంచి తొందరపెట్టడంతో సరిగ్గా చెప్పలేకపోయాను. మంచి ప్రశ్న అది, హడావిడిగా తేల్చేసేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీరడిగిన ఆ డిటెక్టివ్ సీరియల్, మిడ్‌సమర్ మర్డర్స్, బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్లో 1997 మార్చి 23న మొదటిసారి వచ్చింది. ఇప్పటికి 130కి పైగా ఎపిసోడ్లయ్యాయి. ఒక్కోటీ దాదాపు గంటన్నర, అంటే చిన్న సినిమా అంత. కథ ఆ రోజు మొదలై ఆ రోజే ముగుస్తుంది. మన సీరియళ్లలాగా రేపటికి వాయిదా వేయడం ఉండదు. దీనికి మూలం కెరొలిన్ గ్రాహం అనే రచయిత్రి నవలలు. బార్నబీ అనే ఇన్‌స్పెక్టర్ కథలుగా ఆవిడ రాసినవి ఏడే. మొదటిది 1987లో వచ్చింది. వాటిలో ఐదింటిని టీవీకి తీశారు, ఆ తరువాతవన్నీ టీవీ కోసం కొత్తగా రాసిన కథలే. తొలి ఎపిసోడ్ స్క్రిప్టు రాసింది ఆంథొనీ హొరోవిట్జ్. చిన్నా, నీ అల్మరాలో అలెక్స్ రైడర్ పుస్తకాలున్నాయే, వాటిని రాసినాయనే.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ తొలి ఎపిసోడ్‌లోనే ఉంది. కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. హంతకులు ఎవరో మాత్రం చెప్పను.

బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్ అని ఒక పల్లెటూరు. అక్కడ ఎమిలీ సింప్సన్ అనే పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. ఆవిడకు లూసీ బెల్‌రింగర్ అని ఈడుజోడు స్నేహితురాలు. అరుదైన ఒక ఆర్కిడ్ పువ్వును అడవిలో ఎవరు ముందు కనిపెడతారా అని ఇద్దరికీ పోటీ. ఒకరోజు ఎమిలీకి ఆ పువ్వు దొరుకుతుంది. అదే రోజు ఆ అడవిలో ఆవిడ చూడకూడనిది ఒకటి చూస్తుంది. ఆ తరువాత ఇంట్లో చనిపోయి కనిపిస్తుంది. వయసైపోయిన మనిషి, ఇందులో అనుమానించడానికేముంది అని అందరూ సర్దుకుంటారు. లూసీ ఒక్కతే సర్దుకోదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, తన స్నేహితురాలిది మామూలు చావు కాదని పట్టుబడుతుంది.

ఇక్కడే నాకు ఈ సిరీస్ మీద గౌరవం ఏర్పడింది. డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ టామ్ బార్నబీ ఆవిడ మాటను కొట్టిపారేయడు. వెళ్లి చూస్తాడు. ఒక ముసలావిడ పోయిందని ఇంకో ముసలావిడ చెబితే, పెద్ద హోదాలో ఉన్న పోలీసు ఆఫీసరు పని మానుకుని వినడం. ఇరవై అయిదేళ్లు దాటిన ఈ కథంతా అక్కడినుంచే మొదలైంది. చాలామంది ఈ సిరీస్ గురించి చెప్పేటప్పుడు గడ్డి కప్పులున్న కుటీరాలు, గులాబీ తీగలు, టీ కప్పులు అంటారు. అవి చూడ్డానికి బాగుంటాయి, కాదనను. ఆ అందం కోసమే అయితే రెండు ఎపిసోడ్లతో కడుపు నిండిపోతుంది. జనం మళ్లీ మళ్లీ వస్తున్నది ఎవరి చావునూ చిన్నదిగా చూడకపోవడం కోసం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. నిజ జీవితంలో "పాపం, పెద్దావిడ" అని రెండు మాటలనుకుని వదిలేసే మనిషి కోసం ఇక్కడ ఊరంతా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

బార్నబీ పని చేసే తీరు కూడా గమనించండి. తుపాకీ తీయడు, గోడలు దూకడు, ఎవరినీ కొట్టడు. ఇంటింటికీ వెళ్లి కూర్చుంటాడు, వాళ్లిచ్చిన టీ తాగుతాడు, మాట్లాడనిస్తాడు. తోటమాలిని, చర్చి ఫాదర్‌ని, పెద్ద బంగళా యజమానురాలిని, పబ్ నడిపేవాడిని ఒకే ఓపికతో వింటాడు. సాక్ష్యం ఎక్కువసార్లు దొరికేది ఎవరూ పట్టించుకోని మనిషి దగ్గరే. పక్కన ట్రాయ్ అనే కుర్ర సార్జెంట్ ఉంటాడు. కనిపించిన మొదటి మనిషినే దొంగ అనేస్తాడు, కారు కూడా అలాగే తోలతాడు. అతని తొందర పక్కన ఉంటేనే పెద్దాయన నిదానం విలువ మనకు తెలుస్తుంది. మీరిద్దరూ మొదట్లో ట్రాయ్‌లాగే ఆలోచిస్తారు, అందరూ అంతే.

ఇంకో సంగతి. ఈ తరహా కథల్లో డిటెక్టివులు సాధారణంగా తాగుబోతులో, ఒంటరివాళ్లో, ఏదో పాత దుఃఖం మోస్తున్నవాళ్లో అయి ఉంటారు. బార్నబీకి ఇల్లుంది. భార్య జాయిస్, కూతురు కల్లీ. జాయిస్ వంట అంత బాగుండదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆవిడను నొప్పించరు. పగలంతా ద్వేషం, అసూయ చూసి వచ్చిన మనిషి రాత్రి ఆ బల్ల దగ్గర కూర్చుంటే చూసేవాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది. సిరీస్ ఇన్నేళ్లు నిలబడటానికి ఆ భోజనాల బల్ల చాలా పెద్ద కారణం.

బుజ్జీ, నీకు లెక్కలంటే ఇష్టం కదా, నీకోసం ఒకటి. 2002లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో మిడ్‌సమర్ వెల్లో అనే ఊళ్లో చర్చి గంటలు మోగించేవాళ్లు ఒకరి తరువాత ఒకరు హత్యకు గురవుతారు. గంటలు కొట్టడానికి అంత గొడవేమిటి అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో అదొక పెద్ద విద్య. ఒక్కో గంటకు ఒక మనిషి, చేతిలో ఒక తాడు. వాళ్లు పాట వాయించరు, వరుసలు వాయిస్తారు. ఆరు గంటలుంటే మొదటిసారి 1, 2, 3, 4, 5, 6 అని మోగిస్తారు. తరువాతి వరుసలో పక్కపక్క గంటలు చోటు మార్చుకుంటాయి: 2, 1, 4, 3, 6, 5. అలా మారుతూనే పోవాలి, ఏ వరుసా రెండోసారి రాకూడదు. ఆరు గంటలకు ఎన్ని వరుసలో కాగితం మీద వేసి చూడు. 720 వస్తాయి. ఏడైతే 5,040. అన్నీ బుర్రలోనే గుర్తుపెట్టుకుని, పక్కవాళ్లను గమనిస్తూ, బరువైన గంటను క్షణం అటూ ఇటూ కాకుండా లాగాలి. ఇందులో పోటీలు జరుగుతాయి. ఊరి పరువంతా ఆ తాళ్ల మీద ఉంటుంది. ఇంత శ్రద్ధ పెట్టిన చోట అసూయ కూడా అంతే ఉంటుందని మీకే అర్థమవుతుంది.

ఈ సిరీస్ కథలన్నీ ఇలాంటి చోట్లే పుడతాయి. ఊరి క్రికెట్ జట్టు, పూల పోటీ, రచయితల సంఘం, నాటకాల బృందం. డబ్బు, ఆస్తి గొడవలు ఉంటాయిగానీ, అంతకంటే ముందు "నాకు రావలసిన గుర్తింపు వాడికెందుకు వచ్చింది" అనేది ఉంటుంది. పెద్ద నగరాల నేరాల కథల్లో ఇది దొరకదు. అక్కడ చంపేవాడికి చచ్చేవాడు తెలియకపోవచ్చు. మిడ్‌సమర్‌లో ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చుని ఉంటారు.

నాటకం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1998లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కాస్టన్ అనే పట్నంలో ఔత్సాహిక నటులు నాటకం వేస్తుంటారు. చివర్లో ఒక పాత్ర మంగలికత్తితో గొంతు కోసుకోవాలి. ప్రమాదం లేకుండా కత్తి అంచుకు టేప్ చుట్టి ఉంచుతారు. ప్రదర్శన రోజున ఎవరో ఆ టేప్ తీసేస్తారు. నటుడు అలవాటు ప్రకారం కత్తి మెడకు ఆనించి లాగుతాడు. ప్రేక్షకుల కళ్లముందే ప్రాణం పోతుంది. చంపాలనుకున్నవాళ్లు తమ చేత్తో చంపలేదు, రవ్వంత టేప్ ఊడదీశారు, అంతే. ఇక బార్నబీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ కత్తి దగ్గరికి ఎవరెవరు వెళ్లారు? నాకు బాగా నచ్చిన ఎపిసోడ్లలో ఇదొకటి.

మిడ్‌సమర్ అనే జిల్లా మ్యాపులో ఉండదు, కల్పించిందే. షూటింగ్ మాత్రం ఎక్కువగా బకింగ్‌హామ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో జరుగుతుంది. కాస్టన్‌గా చాలాసార్లు చూపించేది థేమ్స్ నది ఒడ్డున ఉన్న వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న పట్నం. అక్కడి కార్న్ ఎక్స్‌ఛేంజ్ అనే పాత భవనమే కాస్టన్ నాటకశాల. డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ చాలా ఏళ్లు ఆ పట్నం పక్కనే ఒక ఇంట్లో ఉంది. అక్కడి నాటక బృందానికి అధ్యక్షురాలిగా కూడా ఉండేది. 1976లో ఆ ఇంట్లోనే కన్నుమూసింది. దగ్గర్లోని చోల్సీ ఊరి చర్చి ఆవరణలో ఆవిడ సమాధి ఉంది. పల్లెటూరి హత్యల కథలకు ఇంతగా పేరు తెచ్చిన మనిషి తిరిగిన వీధుల్లోనే ఈ సిరీస్ తీయడం నాకెంతో తృప్తిగా అనిపిస్తుంది. మీరెప్పుడైనా మీ మామయ్య వాళ్లింటికి లండన్ వెళితే ఒకరోజు ఆ ఊరికి తీసుకెళ్లమని అడగండి.

మొదట్లో వచ్చే సంగీతం విన్నారా? ఎవరో సన్నగా మూలిగినట్టు ఒక ధ్వని ఉంటుంది. అది మనిషి గొంతు కాదు. థెరమిన్ అనే వాయిద్యం. ముట్టుకోకుండా వాయించేది ప్రపంచంలో బహుశా అదొక్కటే పేరుమోసింది. నిలువుగా ఒక లోహపు కడ్డీ ఉంటుంది, పక్కన ఒక లోహపు వలయం. కడ్డీకి చెయ్యి దగ్గరగా తెస్తే స్వరం పైకి వెళుతుంది, దూరం జరిపితే కిందికి దిగుతుంది. రెండో చెయ్యి వలయం మీద పైకీ కిందికీ కదిపితే ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జిమ్ పార్కర్ ఈ సంగీతాన్ని వాల్ట్జ్ నడకలో కట్టాడు, అంటే మూడు దెబ్బల తాళం. థెరమిన్ వాయించింది సీలియా షీన్. నవ్వుతూ నడిచే తాళం మీద ఆ వణుకే ధ్వని. సిరీస్ స్వభావమంతా ఆ సంగీతంలోనే పట్టేశారు.

టామ్ బార్నబీగా జాన్ నెటిల్స్ 81 ఎపిసోడ్లు చేసి 2011లో తప్పుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నారు అభిమానులు. నిర్మాతలు తెలివైన పని చేశారు. అదే పాత్రలో ఇంకొకరిని కూర్చోబెట్టకుండా, ఆయన చిన్నాన్న కొడుకు వరస జాన్ బార్నబీ అని కొత్త ఇన్‌స్పెక్టర్‌ని తెచ్చారు. నటుడు నీల్ డడ్జన్. ఈయన 2000లో ఇదే సిరీస్‌లో తోటమాలి వేషం వేశాడు. పాత ఎపిసోడ్లు చూస్తూ ఆయన్ని పట్టుకోవడం మీకు సరదాగా ఉంటుంది. తొలి ఎపిసోడ్‌లో కిటికీలోంచి ఊరినంతా గమనించే రెయిన్‌బర్డ్ అనే తల్లీ కొడుకులుంటారు. వాళ్లుగా వేసిన ఇద్దరు నటులే 2006లో ఆ తల్లికి చెల్లెలూ, ఆవిడ కొడుకూ అయి మళ్లీ వచ్చారు. నమ్మకంగా చూసేవాళ్లను ఈ సిరీస్ ఇలా గుర్తుపెట్టుకుంటుంది. డెన్మార్క్‌లో దీనికి ఎంతమంది అభిమానులంటే, 2014లో నూరో ఎపిసోడ్‌కి బార్నబీని కోపెన్‌హాగన్ పంపించారు.

ఇష్టమైనదాని గురించి రాస్తున్నానని దాని లోపం దాచను. చాలా ఏళ్లపాటు ఆ ఊళ్లలో తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ కనిపించేవాళ్లు కాదు. 2011లో నిర్మాత ఒకాయన, మా సిరీస్ ఆంగ్లేయతకు చివరి కోట, అందుకే ఇతర జాతులవాళ్లు ఇందులో ఉండరు అనే అర్థం వచ్చేలా ఒక పత్రికతో అన్నాడు. పెద్ద దుమారం రేగింది, ఆయన్ని సస్పెండ్ చేశారు, తరువాత ఆయన సిరీస్ నుంచి తప్పుకున్నాడు. నిజమైన ఇంగ్లండ్ పల్లెల్లో మనవాళ్లు డాక్టర్లుగా, దుకాణదారులుగా ఎప్పటినుంచో ఉన్నారు. అందరి మాటా వినే ఇన్‌స్పెక్టర్ ఉన్న కథలో వాళ్లకు చోటు లేకపోవడం నాకు బాధగానే ఉండేది. క్రమంగా మారింది. తరువాతి సీజన్లలో శవపరీక్ష చేసే డాక్టర్ కామ్ కరిమోర్‌గా మంజీందర్ విర్క్ వేసింది. చురుకైన, నమ్మకమైన పాత్ర అది.

చూడటం మొదలుపెట్టే ముందు మీ అమ్మను అడగండి. రక్తం ఎక్కువ చూపించరుగానీ కొన్ని చావులు భయంకరంగా ఉంటాయి, కొన్ని కథల్లో పెద్దవాళ్ల వ్యవహారాలుంటాయి. చిన్నా, నువ్వు ఇంకో రెండేళ్లు ఆగితే మంచిది. ముందు గంటల లెక్క నేర్చుకో, అక్కతో కలిసి థెరమిన్ వీడియోలు చూడు.

బుజ్జీ, నువ్వు చూసేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టుంటుంది, దాటవేయకు. ఆధారాల్లో చాలావరకు అక్కడే, మాటల మధ్యలో, బల్ల మీది వస్తువుల్లో పెడతారు. మొదటి ఇద్దరిని అనుమానించాక ఆపి, హంతకులెవరో, ఎందుకో ఒక కాగితం మీద రాసి మడిచి పెట్టు. పూర్తయ్యాక విప్పి చూసుకో. బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్ కథతోనే మొదలుపెట్టు. ఆ కాగితం నాకు పోస్టులో పంపు, నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరిని అనుమానించానో తిరుగు టపాలో రాస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ