ఉదయ్‌పుర్ యాత్ర: తిరుపతిలో వినిపించే అపోహలు, అక్కడ కనిపించే వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు వైపు నుంచి బృందాలను ఉత్తరాది యాత్రలకు తీసుకెళ్లడం నా వృత్తి. కాశీ, గయ చూసొచ్చినవాళ్లు ఆ తరువాత అడిగే ఊళ్లలో ఈ మధ్య ఉదయ్‌పుర్ పేరు ముందుంటోంది. చాలామంది ఫోనులో నాలుగు వీడియోలు చూసి, తమ లెక్క తాము వేసుకుని వస్తారు. ఆ లెక్కలో సగం తప్పులే. డబ్బు దండుగ కావడం అటుంచితే, ఏం చూడాలో తెలియక కళ్లెదుట ఉన్నదాన్నే దాటిపోతారు. మా దగ్గరకు వచ్చేవాళ్లకు రోజూ చెప్పే సమాధానాలనే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రాజస్థాన్ కదా, అంతా ఇసుకే. ఒంటె సవారీ తప్ప ఏముంటుంది?

ఉదయ్‌పుర్ ఆరావళి కొండల నడుమ ఉంది. చంద్రగిరి నుంచి భాకరాపేట ఘాట్ ఎక్కినవాళ్లకు అక్కడి దారులు మరీ కొత్తగా అనిపించవు. ఇసుక దిబ్బలే కావాలంటే జైసల్మేర్ పోవాలి; అది దాదాపు 500 కిలోమీటర్లు. రెండింటినీ ఒకే వారంలో ఇరికించమని అడిగేవారికి నేను మొహమాటం లేకుండా కుదరదని చెప్పేస్తాను. ఇంకో సంగతి: ఊరి మధ్య నుంచి పారే ఆయడ్ నది బేడచ్‌గా మారి బనాస్‌లో, బనాస్ చంబల్‌లో, చంబల్ యమునలో, యమున గంగలో కలుస్తాయి. అంటే ఉదయ్‌పుర్‌లో కురిసిన వాన మన బంగాళాఖాతానికే చేరుతుంది. ఎడారి ఊరికి ఆ భాగ్యం ఎక్కడిది?

అపోహ: అక్కడి సరస్సులు ప్రకృతి ఇచ్చినవి. రాజులు వాటి ఒడ్డున విలాసంగా భవనాలు కట్టుకున్నారు.

ఈ ఒక్క అపోహ తొలగితే యాత్ర సగం సార్థకమైనట్టే. ఉదయ్‌పుర్‌లో మీరు చూసే పెద్ద సరస్సులన్నీ చెరువులు. కొండల మధ్య వాగుకు అడ్డంగా కట్ట పోసి, తూములు పెట్టి, నిండితే నీళ్లు పోవడానికి మొరవ వదిలిన చెరువులు. మన జిల్లావాళ్లకు ఈ మాట వివరించాల్సిన పని లేదు. అయినా ఆశ్చర్యం ఏమిటంటే, రాయలచెరువు కట్ట మీద పెరిగినవాళ్లు సైతం ఊరి నడిబొడ్డునున్న పిఛోలా చెరువు ఒడ్డున నిలబడి ఫొటో తీసుకుంటారు తప్ప, కట్ట ఎటు ఉందని అడగరు.

పిఛోలా ఊరికంటే పాతది. 14వ శతాబ్దంలో ఒక బంజారా వర్తకుడు దాన్ని తవ్వించాడని అక్కడి చరిత్ర. ఎడ్ల మంద మీద ధాన్యం మోసుకుపోయే వర్తకుడికి వాగు దాటడానికి కట్ట కావాలి. ఆ కట్టే చెరువైంది. మహారాణా రెండో ఉదయ్‌సింగ్ 16వ శతాబ్దంలో ఇక్కడ రాజధాని పెట్టినప్పుడు ఆ చెరువును పెంచి, కట్టను గట్టిచేశాడు. చెరువు ముందు, ఊరు తరువాత. ఫతేసాగర్ కథ ఇంకోరకం. దాన్ని 17వ శతాబ్దంలో మహారాణా జైసింగ్ కట్టించాడు. తరువాత వరదలకు కట్ట తెగింది. 1880ల చివర్లో మహారాణా ఫతేసింగ్ మళ్లీ కట్టించాడు, అందుకే ఆ పేరు. ఈ రెంటికీ నడుమ స్వరూప్‌సాగర్ ఉంది. మూడింటినీ కాలువలు కలుపుతాయి. ఒకటి నిండితే ఇంకోదానికి నీరు మళ్లించవచ్చు, మిగిలింది ఆయడ్‌లోకి వదలవచ్చు. గొలుసు చెరువులంటే మనకు తెలియనివా?

2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట కారడం మొదలైనప్పుడు కింది పల్లెలను ఖాళీ చేయించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పటి నుంచి మా బృందాలను ఫతేసాగర్ కట్ట మీద కాస్త ఎక్కువసేపు నిలబెడుతున్నాను. కట్ట తెగడమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ రాతికట్టను చూసే చూపే వేరు.

ఇది ఇంకా గట్టిగా అర్థం కావాలంటే ఊరికి ఉత్తరంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని రాజ్‌సమంద్‌కు వెళ్లాలి. 1660లలో మేవాడ్‌ను, అంటే ఉదయ్‌పుర్ రాజ్యాన్ని, కరవు పట్టినప్పుడు మహారాణా రాజ్‌సింగ్ జనానికి పని, తిండి దొరకాలని తవ్వించిన చెరువు అది. మన మాటలో చెప్పాలంటే కరవు పని. అయితే ఆ కట్టకు పాలరాయి పరిచి, తోరణాలు, మండపాలు నిలబెట్టి, రాజవంశ చరిత్రను సంస్కృత కావ్యంగా పలకల మీద చెక్కించారు. మన దేశంలోని అతి పొడవైన సంస్కృత శాసనాల్లో ‘రాజప్రశస్తి’ ఒకటి. చాలా టూర్లు ఈ చోటును వదిలేస్తాయి. నేను మాత్రం సమయం చాలకపోతే సహేలియోం కీ బాడీని వదిలేస్తాను గానీ దీన్ని వదలను.

సహేలియోం కీ బాడీ ఎత్తాను కాబట్టి ఒక ముక్క. రాణివాసం స్త్రీల కోసం 18వ శతాబ్దంలో వేసిన ఆ తోటలో ఫౌంటెన్లు ఫతేసాగర్ కట్ట దిగువన ఉన్నందువల్ల నీటి ఒత్తిడితోనే ఎగిరేవి, మోటారు అక్కర్లేదు. చప్పట్లు కొడితే నీళ్లు లేస్తాయని చూపించే గైడ్లు ఉన్నారు. చప్పట్లు వినేది నీళ్లు కావు, తిప్పే చక్రం దగ్గర నిలబడ్డ మనిషి. నవ్వుకోండి, నమ్మకండి.

అపోహ: పిల్లల సెలవులు ఏప్రిల్, మే నెలల్లో కదా, అప్పుడే వెళితే సరి.

చెరువుకు నీరొచ్చేది వానాకాలంలో. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండుతాయి. మే నాటికి నీటిమట్టం బాగా పడిపోతుంది, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వరుసగా వానలు తప్పిన ఏళ్లలో పిఛోలా అడుగు బయటపడిన సందర్భాలున్నాయి. సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు వరకు వెళ్లండి. మంచి వాన కురిసిన ఏడాది ఫతేసాగర్ మొరవ పోతుంటే చూడటానికి ఊరు ఊరంతా కట్ట మీదకు వస్తుంది. దసరా సెలవులు దీనికి చక్కగా కుదురుతాయి. డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీలకు దిగువే. తిరుమల చలికి వేసుకునే శాలువా ఒక్కటే సరిపోదు.

అపోహ: నీళ్ల మధ్యనున్న తెల్ల భవనంలోకి టికెట్ కొని వెళ్లవచ్చు.

వెళ్లలేరు. అది జగ్‌నివాస్. 1740లలో మహారాణా రెండో జగత్‌సింగ్ కట్టించిన వేసవి విడిది. 1960ల నుంచి హోటల్. అక్కడ గది తీసుకున్నవారికే పడవ. మిగతావాళ్లకు ఒడ్డు నుంచి, పడవ నుంచి చూడటమే. పడవ దిగి నడవగలిగేది దాని దక్షిణాన ఉన్న జగ్‌మందిర్‌లో. తండ్రి జహంగీర్ మీద తిరగబడిన యువరాజు ఖుర్రం, అంటే తరువాతి షాజహాన్, తలదాచుకున్నది ఇక్కడే. తాజ్‌మహల్‌కు స్ఫూర్తి ఈ భవనమేనని పడవలో గైడ్లు చెబుతారు. ఆధారం ఏమిటని అడిగి చూడండి, మాట మారుస్తారు.

పడవ టికెట్లు రెండు రకాలు. సిటీ ప్యాలెస్ లోపలి రేవు నుంచి వెళ్లే పడవకు ఖరీదు ఎక్కువ, పైగా ప్యాలెస్ ప్రాంగణంలోకి వెళ్లాలి. బయట దూద్‌తలాయి వైపు దొరికేవి చవక. జగ్‌మందిర్‌లో దిగాలా, నీళ్ల మీద ఒక చుట్టు తిరిగితే చాలా అన్నది ముందే తేల్చుకుని టికెట్ కొనండి.

అపోహ: సిటీ ప్యాలెస్ మహారాణా ప్రతాప్ రాజభవనం. హల్దీఘాటీలో అక్బర్, ప్రతాప్ ముఖాముఖి తలపడ్డారు.

మా బృందాల్లో మాస్టారు ఒక్కరైనా ఉంటారు. ఈ చర్చ ఎప్పుడూ బస్సులోనే మొదలవుతుంది. 1568లో మేవాడ్ పాత రాజధాని చిత్తోడ్‌గఢ్ అక్బర్ చేతికి పోయింది. 1572లో ప్రతాప్ పట్టాభిషేకం జరిగింది ఉదయ్‌పుర్‌లో కాదు, గోగుందాలో. చివరి ఏళ్లలో ఆయన రాజధాని చావండ్, 1597లో మరణించింది కూడా అక్కడే. మీరు టికెట్ కొని చూసే సిటీ ప్యాలెస్ ఒక రాజు కట్టిన భవనం కాదు. ఉదయ్‌సింగ్ మొదలుపెట్టగా, తరువాతి వాళ్లు దాదాపు నాలుగు వందల ఏళ్లపాటు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయారు. అందుకే లోపల అంత ఇరుకు మెట్లు, అన్ని మలుపులు. మోకాళ్ల నొప్పులున్నవారు ఇది గుర్తుంచుకోవాలి. లోపల ఒకే దిక్కుకు సాగే దారి, మధ్యలో వెనక్కి రావడం కష్టం.

1576 జూన్ 18న జరిగిన హల్దీఘాటీ యుద్ధానికి అక్బర్ రాలేదు. మొఘల్ సేనను నడిపినవాడు అంబర్ రాజపుత్రుడు మాన్‌సింగ్. ప్రతాప్ పక్షాన ముందు నిలిచి పోరాడి చనిపోయినవాడు హకీంఖాన్ సూర్ అనే పఠాన్. ఆయనతోపాటు అక్కడి కొండల్లోని గిరిజనులైన భిల్లులు. మేవాడ్ రాజచిహ్నంలో ఒకవైపు రాజపుత్రుడు, ఇంకోవైపు భిల్లు నిలబడి ఉంటారు, ప్యాలెస్‌లో గమనించండి. రెండు మతాల యుద్ధంగా చెప్పుకునే కథలో ఈ పేర్లు ఇమడవు. యుద్ధం ఎక్కువగా సాగింది పసుపు రంగు మట్టి కనుమలో కాక, దాని అవతల ఖమ్నోర్ దగ్గరి మైదానంలో. రక్త్ తలాయి అంటారు. అక్కడ సమాధులు, ఛత్రీలు అనే స్మారక మండపాలు ఉన్నాయి, జనం తక్కువ. బస్సులన్నీ ప్రతాప్ గుర్రం చేతక్ స్మారకం దగ్గర ఆగి వెనక్కి తిరుగుతాయి.

ఊరు నిజంగా పెరిగింది 1615లో ప్రతాప్ కుమారుడు అమర్‌సింగ్ మొఘలులతో సంధి చేసుకున్న తరువాత. చిత్తోడ్ కోటను మరమ్మతు చేయకూడదన్నది ఆ సంధిలో ఒక షరతు. కోట పాడుబడి, ఊరు వెలగడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: చిత్తోడ్, కుంభల్‌గఢ్, రణక్‌పుర్, నాథద్వారా అన్నీ పక్కపక్కనే. రెండు రోజులు చాలు.

పటం ముందు పెట్టుకోండి. చిత్తోడ్‌గఢ్ తూర్పున సుమారు 115 కిలోమీటర్లు. కుంభల్‌గఢ్ కోట, రణక్‌పుర్ జైన ఆలయం ఉత్తర, వాయవ్య దిక్కుల్లో 85, 90 కిలోమీటర్లు, పైగా కొండదారి. చిత్తోడ్‌కు ఒక రోజంతా కావాలి. కోట కొండమీద పెద్ద ఊరంత పరుచుకుని ఉంది, వాహనం లేకుండా తిరగలేరు. రాణా కుంభా కట్టించిన తొమ్మిది అంతస్తుల విజయస్తంభం చూడకుండా రావద్దు. పద్మినీ మహల్ అని చూపే భవనం మాత్రం 19వ శతాబ్దంలో తిరిగి కట్టినది. దాన్ని 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ ముట్టడి నాటిదనుకుని కళ్లు తుడుచుకునేవాళ్లను చూసి ఏమనాలో తెలియదు, నేనూ ఊరుకుంటాను.

కుంభల్‌గఢ్, రణక్‌పుర్ ఒకే రోజులో కుదురుతాయి, వరుస తప్పకపోతే. రణక్‌పుర్ జైన ఆలయంలో యాత్రికులను మధ్యాహ్నం 12 తరువాతే లోపలికి పంపుతారు, తోలు వస్తువులు కుదరవు. కాబట్టి పొద్దున కుంభల్‌గఢ్, మధ్యాహ్నం రణక్‌పుర్. 1,444 స్తంభాలని చెబుతారు. లెక్కపెట్టే ప్రయత్నం చేయకుండా ఏ రెండూ ఒకేలా లేవన్నది చూడండి.

ఇంటర్నెట్‌లో రైలు వెతికేటప్పుడు మన చిత్తూరు, వాళ్ల చిత్తోడ్‌గఢ్ పేర్లు పక్కపక్కనే వస్తాయి. స్టేషన్ కోడ్ చూసి నొక్కండి.

అపోహ: నాథద్వారాలో తిరుమలలాగే ఎప్పుడు వెళ్లినా క్యూ కదులుతుంటుంది.

తిరుపతివాళ్లు తప్పకుండా పడే పొరపాటు. శ్రీనాథ్‌జీ ఆలయంలో రోజుకు ఎనిమిది దర్శనాలు. మంగళ, శృంగార్, గ్వాల్, రాజ్‌భోగ్, ఉత్థాపన్, భోగ్, సంధ్యా ఆరతి, శయన్. ఒక్కో దర్శనానికి తలుపు తీసేది కొద్దిసేపే, వేళలు రుతువును బట్టి మారతాయి. లోపలున్నది చిన్ని కృష్ణుడు. ఆయన్ను లేపడం, అలంకరించడం, తినిపించడం, నిద్రపుచ్చడమే సేవ. పిల్లవాడు పడుకున్నప్పుడు తలుపు తట్టరు కదా. ముందురోజే వేళలు కనుక్కుని బయలుదేరాలి. ఉదయ్‌పుర్ నుంచి 48 కిలోమీటర్లు. దారిలో 22వ కిలోమీటరు దగ్గర ఏక్‌లింగ్‌జీ. మేవాడ్‌కు రాజు ఆ శివుడేనని, తాము ఆయన దివాన్లమని మహారాణాలు చెప్పుకునేవారు. ఆ గుడి కూడా మధ్యాహ్నం మూస్తారు.

శ్రీనాథ్‌జీ విగ్రహం ఔరంగజేబు కాలంలో మథుర దగ్గరి గోవర్ధన గిరి నుంచి బయలుదేరి 1672లో ఇక్కడ కొలువైంది. ఆ సేవా సంప్రదాయాన్ని నెలకొల్పిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంలో పుట్టినవారు. గుజరాత్, రాజస్థాన్ నుంచి తిరుమలకు వచ్చే వైష్ణవులు చాలామందికి ఇది తెలుసు, మనకే తెలియదు. నాథద్వారా వీధుల్లో మనం తెలుగువాళ్లమని చెబితే కొందరు పెద్దలు ఆగి మాట్లాడతారు.

అపోహ: చెరువు కనిపించే గదే మంచిది.

యువ దంపతులకు మంచిదే. కానీ పిఛోలా ఒడ్డునున్న లాల్‌ఘాట్, గణగౌర్‌ఘాట్ సందుల్లోకి పెద్ద బస్సు రాదు. సామాను ఆటోలో, చివరి కొంత దూరం చేత్తో మోయాలి. హవేలీలనే పాత భవంతుల్లో లిఫ్టు ఉండటం అరుదు. పెద్దవాళ్లున్న బృందాన్ని నేను ఫతేసాగర్ వైపు దింపుతాను, జగదీశ్ ఆలయానికి ఆటోల్లో తీసుకెళతాను. 1651 నాటి ఆ విష్ణు ఆలయానికి 32 ఎత్తయిన మెట్లు. పైన స్వామికి ఎదురుగా లోహపు గరుత్మంతుడు. ఎక్కలేనివారు సాయంత్రం కింద కూర్చున్నా భజన వినిపిస్తుంది.

భోజనం గురించి బెంగ వద్దు. శాకాహారం ఎక్కడైనా దొరుకుతుంది. దాల్ బాటీ ఒకపూట బాగుంటుంది, మూడోపూటకు మనవాళ్లు అన్నం కోసం వెతుకుతారు. కందిపొడి, ఊరగాయ సీసా వెంట ఉంటే గొడవ లేదు.

అపోహ: డ్రైవరు తీసుకెళ్లే ఎంపోరియం ప్రభుత్వానిది.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాజస్థాన్ అని ఉన్నంత మాత్రాన ప్రభుత్వ దుకాణం కాదు. రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల దుకాణం పేరు రాజస్థలి. మిగతాచోట్ల మీరు కొన్న ప్రతిదానిలో డ్రైవరుకు, గైడుకు వాటా ఉంటుంది. ఆ వాటా మీ బిల్లులోనే కలిసి ఉంటుంది. అది నేరమని నేను అనను, వాళ్ల జీతాలు నాకు తెలుసు. కానీ చీరలు, పిఛ్‌వాయి బొమ్మలు (శ్రీనాథ్‌జీ వెనక వేలాడదీసే గుడ్డ మీది చిత్రాలు) కొనేముందు ధర ఇంకోచోట కూడా అడగండి. పిఛ్‌వాయి అయితే నాథద్వారాలో గీసేవాళ్ల ఇళ్లకే వెళ్లవచ్చు. అచ్చు వేసినదానికీ చేత్తో గీసినదానికీ తేడా వాళ్లే చూపిస్తారు.