ఖాళీ గొట్టం ఇచ్చే బలం

టూ-స్ట్రోక్ ఇంజనులో సిలిండరు గోడకున్న పోర్టులను, అంటే రంధ్రాలను, పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. అది పైకి వచ్చేటప్పుడు తాజా పెట్రోలు-గాలి మిశ్రమాన్ని తెచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు ముందుగా, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు ఆఖరున మూసుకుంటాయి. చిక్కంతా ఈ వ్యవధిలోనే ఉంది: అప్పుడే లోపలికి చేరిన మిశ్రమంలో కొంత, కాలకుండానే ఎగ్జాస్ట్ దారిన జారిపోతుంది.

దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం ఎగ్జాస్ట్ గొట్టం ఆకారంలోనే దొరికింది. పోర్టు తెరుచుకోగానే ఒక ఒత్తిడి తరంగం గొట్టంలోకి దూసుకుపోతుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట దానిలో కొంత భాగం అల్పపీడన తరంగంగా వెనక్కి మళ్లి, సిలిండరులోని పొగను లాగివేస్తూ, పిస్టన్ కిందనుండే గది అయిన క్రాంక్‌కేసులోని మిశ్రమాన్ని కూడా పైకి రప్పిస్తుంది. ఆ తర్వాత గొట్టం సన్నబడే చోట తగిలిన తరంగం మాత్రం ఒత్తిడిగానే తిరిగివచ్చి, బయటికి జారిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోగా సిలిండరులోకి నెడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని రేకు గొట్టం ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇదంతా ఎంత సమయంలో జరగాలో లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టేది సెకనులో 200వ వంతు. ఎగ్జాస్ట్ పోర్టు అందులో సగం సేపు తెరిచి ఉంటుందనుకుంటే మిగిలేది 2.5 మిల్లీసెకన్లు. వేడి వాయువులో తరంగం సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకుంటే, ఆ వ్యవధిలో అది సాగే దూరం 1.25 మీటర్లు, పోయి రావాలి కనుక, వెనక్కి కొట్టే గోడ పోర్టుకు దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అదే ఇంజను 6,000 చుట్ల వద్ద నడిస్తే తరంగం మరీ ముందుగా వచ్చేసి, మేలుకు బదులు కీడు చేస్తుంది. అంతవరకు మందకొడిగా ఉన్న బండి ఒక వేగం దాటగానే ఉన్నట్టుండి ఉరకడానికి కారణం ఇదే.

లోపలికి వచ్చే దారిలోనూ ఇలాంటి నష్టమే ఉంది. పిస్టన్ కిందికి దిగుతూ క్రాంక్‌కేసులోని మిశ్రమాన్ని నొక్కేటప్పుడు కొంత, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు వైపు వెనక్కి తన్నుతుంది. సన్నని రేకుల రీడ్ వాల్వు దాన్ని ఒకవైపే పోనిస్తుంది. పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకుతో పాటు తిరిగే డిస్క్ వాల్వు ఆ దారిని తగిన వేళకు మూసేస్తుంది.

తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. మోటారుసైకిళ్ల సంస్థలో ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ డిస్క్ వాల్వును, తరంగాల లెక్కకు సరిపోయే ఎగ్జాస్ట్‌ను జతచేసి, 1961 నాటికి 125 సీసీ రేసు ఇంజనుతో 25 హార్స్‌పవర్, అంటే లీటరు ఇంజను పరిమాణానికి 200 హార్స్‌పవర్ రాబట్టాడు. అదే ఏడాది ఆ జట్టు రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకిలో చేరాడు. ఈ విద్య అతనితోనే జపాన్ చేరింది. 1962లో సుజుకి 50 సీసీ తరగతిలో ప్రపంచ విజేత అయింది.