రాజహంసకు చట్టం, తల్లి పురుగుకు బుట్ట

వరి మళ్లలో ఎకరానికి మూడు లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించేవి) కట్టి, పడ్డ పురుగుల్ని వారం వారం లెక్కపెట్టడం నెల్లూరు రైతుకు కొత్తేమీ కాదు. బుట్టలో పడేవన్నీ మగవే, అయినా రెక్కల పురుగులు కాబట్టి వాడుకలో వాటినీ తల్లి పురుగులనే అంటారు. అదే కాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ సరస్సు నీళ్లలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, మేస్తుంటాయి. పురుగును చంపితే పంట దక్కుతుంది, పక్షిని చంపితే కేసు పడుతుంది. రెండింటి శాస్త్రీయ నామాలూ చాలాసార్లు చేతులు మారాయి. ఆ మార్పు ఒకదాని విషయంలోనే పొలం దాకా వచ్చింది.

వరి కాండం తొలుచు పురుగును 1863లో కీటక శాస్త్రవేత్త వాకర్ వర్ణించాడు. ఆడది పసుపు రంగులో ఉంటుంది, ముందు రెక్కకొక నల్లచుక్క. మగది చిన్నది, మట్టిరంగుది. చూపుకు వేరు జాతులనిపిస్తాయి. పాత వ్యవసాయ పుస్తకాల్లో దీని పేరు స్కీనోబియస్, ఆ తర్వాత ట్రైపోరైజా, ఇప్పుడు స్కిర్పోఫాగా ఇన్సర్టులాస్. కుటుంబం కూడా పైరాలిడే నుంచి క్రాంబిడేకి మారింది.

పేరు ఖాయం కాకపోతే బుట్ట పనిచేయదు. ఎరలో ఉండేది ఈ ఒక్క జాతి ఆడపురుగు వాసన. గులాబీరంగు కాండం తొలిచే పురుగు వేరే కుటుంబానిది, నాక్టుయిడే. చేలో అది తింటుంటే ఈ ఎరకు ఒక్కటీ పడదు, రైతు మాత్రం పురుగు లేదనుకుంటాడు. ఒక్కో బుట్టలో వారానికి 25–30 పడితే మందు సంగతి ఆలోచించాలి. మొవ్వు ఎండి, లాగితే ఊడి వస్తే పురుగు లోపలే ఉన్నట్టు. గింజ పట్టని తెల్లకంకి కనిపించాక కొట్టిన మందు దండగ. గుడ్లు ఆకు చివర్ల మీద పెడుతుంది కాబట్టి నాటేముందు నారు కొసలు తుంచడం అన్నిటికన్నా చవకైన పని. కోశాక దుబ్బుల్లో పురుగు దాగి ఉంటుంది. దున్నకుండా ఎడగారు, అంటే రెండో పంట, వేస్తే దాన్ని మనమే సాకినట్టు.

దీపపు ఎర సంగతి వేరు. దానికి జాతిభేదం లేదు, చేనుకు ఏ హానీ చేయని రెక్కల పురుగులూ అందులో పడి చస్తాయి. వాటి తరఫున అడిగేవాళ్లు లేరు.

ఫ్లెమింగో గొడవ ఇంకా పెద్దది. పొడుగు కాళ్లు చూసి కొంగల వరసలో వేశారు కొందరు. వేళ్ల మధ్య పొర, అరుపు, ఈకల్లోని పేలు చూసి బాతుల వరసలో వేశారు ఇంకొందరు (హంస అని పేరు పెట్టిన మనవాళ్లదీ ఈ పక్షమే). 2001 నుంచి వచ్చిన డీఎన్‌ఏ పరిశీలనలు రెండూ కాదని, దగ్గరి చుట్టాలు నీళ్లలో మునిగి చేపలు పట్టే గ్రీబ్‌లని తేల్చాయి. ఇప్పుడు వీటిది సొంత క్రమం, ఫీనికాప్టెరిఫార్మిస్. మన పక్షి ఫీనికాప్టెరస్ రోజియస్, 1811లో ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ పెట్టిన పేరు. చాలాకాలం దీన్ని అమెరికా ఫ్లెమింగోకు ఉపజాతిగా లెక్కేశారు.

ఇంత మారినా రక్షణలో తేడా రాలేదు. వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నది కుటుంబం మొత్తం. పులికాట్ 1976లోనే అభయారణ్యమైంది. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినా ఆ హోదా అలాగే ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో ఈ పక్షికి ముప్పు తక్కువ, కానీ అది ప్రపంచం మొత్తం మీద లెక్క. పులికాట్‌లో ఎన్ని దిగుతాయో దాన్నిబట్టి తెలియదు. ఇవి గూడు కట్టేది ఇక్కడ కాదు, కచ్ రణ్‌లో. ఇక్కడికి మేతకే వస్తాయి. ముక్కు తలకిందులుగా ముంచి, నాలుకతో నీళ్లు తోడి, అంచుల్లోని జల్లెడతో సన్నజీవుల్ని వడకట్టుకుంటాయి. దానికి పలచగా ఉప్పునీళ్లు నిలవాలి.

ఆ నీళ్లకే వచ్చింది తంటా. కాళంగి, స్వర్ణముఖి తెచ్చేది వానాకాలపు మంచినీళ్లు. మిగతా కాలమంతా సముద్రపు పోటు లోపలికి రావాలి. రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడితే పోటు ఆగి, ఎండకు సరస్సు ఉప్పు పొరగా మారుతుంది. శ్రీహరికోట రోడ్డు కట్ట కూడా ఉత్తర దక్షిణాల మధ్య నీటికి అడ్డమే. ముఖద్వారం ఒకసారి తవ్వి వదిలేస్తే చాలదు, తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుక దాన్ని మళ్లీ మూసేస్తుంది.