రొంపలు పడ్డ ఒంటికి కోవిడ్ కొత్తదేనా?

వానలు పడి బళ్ళు తెరిచాక కోనసీమలో రొంప పట్టని ఇల్లు ఉండదు. చేపల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళకీ, తెల్లారుజామున మంచులో రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు వేసుకెళ్ళేవాళ్ళకీ ధనుర్మాసంలో మరీనూ. ఇన్ని రొంపలు పడి లేచిన ఒంటిని కోవిడ్ ఏం చేస్తుందిలే అన్న ధీమా ఇక్కడ చాలామందిలో ఉంది. దాన్ని ఉత్త మొండితనం అని కొట్టిపారేయలేం. శాస్త్రజ్ఞులు 2020 నుంచీ ఇదే ప్రశ్న వెంట పడ్డారు. దొరికిన జవాబు మాత్రం ఆ ధీమాను మోసేంత బలమైనది కాదు.

రొంప ఒక్క వైరస్ పని కాదు. దాన్ని తెచ్చే వైరస్‌లు రెండొందలకు పైనే. వాటిలో ఎక్కువ వాటా రైనోవైరస్‌లది, వాటికీ కోవిడ్ వైరస్‌కీ చుట్టరికమే లేదు. కరోనా కుటుంబం నుంచి మామూలు రొంప తెచ్చేవి నాలుగే: 229ఈ, ఎన్‌ఎల్63, ఓసీ43, హెచ్‌కేయూ1. పెద్దవాళ్ళ రొంపల్లో సుమారు 15 నుంచి 30 శాతం వీటివల్ల వస్తాయి. ఈ నాలుగింటిలోనూ చివరి రెండే కోవిడ్ వైరస్ ఉన్న బీటా శాఖవి. అంటే పోయినేడు నాలుగుసార్లు రొంప పట్టినా, అందులో ఒక్కటీ కరోనా కుటుంబానిది కాకపోవచ్చు. కారే ముక్కును చూసి ఏ వైరస్సో ఏ డాక్టరూ చెప్పలేడు.

కాలిఫోర్నియాలో 2015-18 మధ్య, అంటే కోవిడ్ పుట్టకముందే, తీసి దాచిన రక్తాన్ని 2020లో పరీక్షించారు. 40 నుంచి 60 శాతం నమూనాల్లో కోవిడ్ వైరస్ ముక్కల్ని గుర్తుపట్టే టీ కణాలు (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపించాయి. బెర్లిన్‌లోనూ కోవిడ్ రానివాళ్ళలో మూడో వంతు మందికి ఇవి ఉన్నాయి. పాత రొంపలు ఒంట్లో ఏదో జ్ఞాపకం మిగిల్చాయన్నది అలా తేలింది.

మరి ఆ జ్ఞాపకం ఉన్నా కోవిడ్ ఎందుకు వచ్చింది? రక్షణలో రెండు అంచెలున్నాయి. యాంటీబాడీలు చెరువు గట్టు మీది కాపలావాళ్ళు: దొంగ ముఖం తెలిస్తేనే దిగకుండా ఆపుతారు. వైరస్‌కు ముఖం లాంటిది స్పైక్ ప్రొటీన్ కొస. కుటుంబం ఒకటే అయినా వైరస్ వైరస్‌కీ ఆ కొస బాగా మారిపోతుంది. ఎన్‌ఎల్63నే చూడండి. కోవిడ్ వైరస్ లాగే అదీ మన కణాల మీది ఏస్2 అనే ప్రొటీన్‌ను పట్టుకునే లోపలికి వస్తుంది. అయినా పట్టుకునే భాగం తీరే వేరు, దాని మీద తయారైన యాంటీబాడీలు కోవిడ్‌ను ఆపవు. టీ కణాల పని దీనికి భిన్నం. వైరస్ దూరిన కణం ఆ వైరస్ ప్రొటీన్ల ముక్కల్ని పైకి చూపిస్తుంది, టీ కణాలు వాటిని గుర్తిస్తాయి. పెద్దగా మారని లోపలి ప్రొటీన్ల ముక్కలూ వాటిలో ఉంటాయి కాబట్టి పాత పరిచయం ఇక్కడ పనికొస్తుంది. కానీ అప్పటికే వైరస్ లోపలికి వచ్చేసింది. అందుకే టీ కణాలు జబ్బు ముదరకుండా చూడగలవు గానీ, అంటుకోకుండా ఆపడం వాటికి కష్టం.

కష్టమే గానీ అసాధ్యం కాదనిపించిన అధ్యయనం ఒకటి లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి 2022 జనవరిలో వచ్చింది. ఇంట్లో కోవిడ్ రోగితో కలిసి ఉన్న 52 మందికి, తాకిడి తగిలిన ఆరు రోజుల లోపే రక్తం తీశారు. వాళ్ళలో 26 మందికి కోవిడ్ అంటలేదు. రొంప వైరస్‌లకీ కోవిడ్‌కీ ఉమ్మడిగా పనిచేసే టీ కణాలు అంటినవాళ్ళలో కన్నా వీళ్ళలో ఎక్కువ ఉన్నాయి. వినడానికి బాగుంది గానీ 52 మంది చాలా చిన్న లెక్క. బోస్టన్‌లో ఆస్పత్రి రికార్డులు చూస్తే, అంతకుముందు రొంప కరోనా వచ్చినట్టు పరీక్షలో తేలినవాళ్ళకు కోవిడ్ రావడం ఏమీ తగ్గలేదు, ఐసీయూ దాకా వెళ్ళడం, చనిపోవడం తగ్గాయి. ఫిలడెల్ఫియాలో పాత రొంప కరోనాల యాంటీబాడీల లెక్క తీస్తే, అవి కోవిడ్ అంటకుండానూ ఆపలేదు, ఆస్పత్రి పాలు కాకుండానూ ఆపలేదు.

ధీమాకు అసలు దెబ్బ వయసు దగ్గర తగులుతుంది. రొంపల అనుభవం అందరికన్నా ఎక్కువున్నది ఇంట్లో తాతకూ మామ్మకూ. కానీ వయసు పెరిగేకొద్దీ ఈ ఉమ్మడి టీ కణాలు తగ్గుతాయని బెర్లిన్ పరిశోధకులు 2021లో చూపించారు. కోవిడ్ ఎక్కువగా బలితీసుకుంది కూడా ఆ వయసువాళ్ళనే. పైగా రొంప ఇచ్చే రక్షణ రొంప మీదే నిలవదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పది మందిని దశాబ్దాలపాటు గమనిస్తే, అదే రొంప కరోనా తరచుగా ఏడాదికల్లా మళ్ళీ వచ్చింది.

‘నాకు ఆ టీ కణాలున్నాయా’ అని తెలుసుకోవాలంటే యాంటీబాడీ పరీక్ష చాలదు. రక్తంలోని కణాలను బతికుండగా వేరుచేసి, వైరస్ ముక్కలతో కలిపి గంటల తరబడి ఉంచి చూడాలి. మామూలు డయాగ్నస్టిక్ సెంటర్లో చేసే పని కాదది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు ఉంటే రొంపను పరీక్ష చేసుకోవడమే మేలు. ఇంట్లోనే చేసుకునే కోవిడ్ కిట్‌లోని దూది పుల్లను 2 నుంచి 4 సెంటీమీటర్లు లోపలికి పెట్టి, ఒక్కో ముక్కులో ఐదుసార్లు తిప్పాలి. గొట్టంలోని ద్రవంలో బాగా కలిపి, పట్టీ మీద రెండు చుక్కలు వేసి 15 నిమిషాలకు చూడాలి. 20 దాటాక తేలిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. కొలతలు కిట్‌ను బట్టి కాస్త మారతాయి, లోపలి కాగితం చదవండి. పుల్లను ముక్కు అంచునే తిప్పి తీసేస్తే, లేదా మొదటిరోజే చేస్తే, వైరస్ ఉన్నా గీత పడకపోవచ్చు. అనుమానం ఉంటే 48 గంటలాగి మళ్ళీ చేయాలి. ఈలోగా పెద్దవాళ్ళ మంచం వేరే గదిలోకి మార్చండి, ఆ గది కిటికీలు తెరిచి ఉంచండి. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అడక్కండి, అది వైరస్‌ను ఏమీ చేయదు.

కోవిడ్ తేలితే పల్స్ ఆక్సిమీటర్ పెట్టేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. వేళ్ళు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా అంకె తప్పు చూపొచ్చు. గోరింటాకు పండిన వేలు వదిలేసి పండని వేలికి పెట్టండి. ఆక్సిజన్ అంకె 94 కన్నా తగ్గితే, లేదా ఆరు నిమిషాలు నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోతే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.