రోమన్ కోట అంటే రాళ్ళ గోడలేనా? విండోలాండా గురించి అపోహలు - వాస్తవాలు

తవ్వకాల్లో దొరికే తోలు, చెక్క వస్తువులు పాడవకుండా చూసుకోవడం నా పని. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న విండోలాండా కోట ఫొటోలు చూపిస్తే మనవాళ్ళు అనే మాటలు దాదాపు ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: అక్కడున్న సైనికులంతా ఇటలీ వాళ్ళు.
వాస్తవం: కాదండీ. ఇది సహాయక దళాల కోట, అంటే రోమ్ తన పాలనలోని ఇతర ప్రాంతాల నుంచి చేర్చుకున్న సైనికులది. బటావియన్లు, టంగ్రియన్లు ఉండేవాళ్ళు, అంటే ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం వైపు వాళ్ళు. చాలామందికి రోమన్ పౌరసత్వమే లేదు, 25 ఏళ్ళు సర్వీస్ చేశాక వచ్చేది.

అపోహ: హేడ్రియన్ గోడకి (ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్ల సరిహద్దు గోడ) కాపలాగా కట్టారు.
వాస్తవం: గోడ పని మొదలైంది క్రీ.శ. 122లో, ఇక్కడ కోట 85 ప్రాంతానికే ఉంది.

అపోహ: అంతా మగవాళ్ళే.
వాస్తవం: ఇక్కడ దొరికిన వేల చెప్పుల్లో ఆడవాళ్ళవీ, పసిపిల్లలవీ ఉన్నాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ, కోట కమాండర్ భార్య లెపిడినాని తన పుట్టినరోజుకి రమ్మని ఉత్తరం పంపింది, చివర్లో రెండు ముక్కలు స్వయంగా తన చేత్తో రాసింది, అది ఇప్పటికీ ఉంది.

అపోహ: మొత్తం తవ్వేస్తేనే కదా చరిత్ర బయటపడేది.
వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ ఉత్తరం రాసింది పల్చటి చెక్క రేకు మీద, మామూలు సిరాతో. పాత కోట కూల్చి మీద మట్టి పరిచి కొత్తది కట్టేవాళ్ళు, అలా ఒకదాని మీద ఒకటి తొమ్మిది కోటలు లేచాయి, అడుగున ఉన్న తడి నల్లమట్టిలోకి గాలి పోలేదు కాబట్టి చెక్క కుళ్ళలేదు. 1973లో మొదటి రేకులు పైకి తీసినప్పుడు గాలి తగలగానే అక్షరాలు మాయమైపోయాయి, తర్వాత ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో మళ్ళీ కనిపించాయి. ఇక తోలైతే తడి ఆరితే చాలు, ముడుచుకుపోయి పగుళ్ళిస్తుంది. అంటే తీసిన ప్రతి వస్తువుకీ ఆ రోజు నుంచే ట్రీట్‌మెంట్ మొదలవ్వాలి, ల్యాబ్ తట్టుకోగలిగినంతే తవ్వాలి. మిగతాది మట్టిలోనే భద్రం. నాకైతే నిలబడ్డ గోడలకన్నా భూమిలో నీటిమట్టం పడిపోయి ఆ మట్టిలోకి గాలి చేరుతుందేమో అన్న భయమే ఎక్కువ.

అపోహ: ఖాళీ పొలమే కదా, మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్తే ఏమవుతుంది?
వాస్తవం: పురాతన స్థలాల రక్షణకి బ్రిటన్‌లో ఉన్న 1979 చట్టం కింద ఇలాంటి రక్షిత స్థలాల్లో పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటమే నేరం, ఏమీ దొరక్కపోయినా సరే. నాణెం ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని పక్క గది ఎప్పటిదో చెప్పగలం. దయచేసి, పైకి ఏదైనా కనిపించినా ముట్టుకోకుండా అక్కడి వాళ్ళకి చెప్పండి.